గాజుపూసల చిట్టా

వజ్రకరూరులో తొలివాన పడింది.
గుత్తి నుంచి, గుంతకల్లు నుంచి, బళ్లారి అవతల నుంచి
జనం వచ్చి చేలల్లో వొంగినారు.
సద్దిమూటలు గట్ల మీద, పిల్లోళ్లు చెట్ల కింద.
నేను బ్యాంకుకు సెలవు పెట్టి
మా జేజి రేకుపెట్టెలో దొరికిన పుస్తకం మీద వొంగినాను.

తోలు అట్ట. చెదలు ఒక మూల కొరికి, రుచించక వదిలేసినాయి.
మొదటి పుటలో శ్రీరామ.
దాని కింద: గాజుల ఓబులేసు అంగడి, కింబర్లీ.
ల వత్తు రెండుసార్లు దిద్దినాడు,
ఆ ఊరి పేరు చేతికి ఇంకా అలవాటు కాలేదు.

మా జేజికి తాత వరస. మలారం మోసినోడు.
ఉరవకొండ సంతలో, పెన్నహోబిలం తిరునాళ్లలో
బొటనవేలితో ఎముక మీద నొక్కి, అరచేయి మడిచి,
మాటల్లో పెట్టి, నొప్పి తెలీకుండా
గాజులెక్కించినోడు.
ధాత కరువు వచ్చింది.
ఏ కొలత గాజైనా జారి మోచేయి దాటేది.
తర్వాత కొలిచేదానికి చేతులే లేవు.

మద్రాసు రేవు. ఓడ. నేటాలులో చెరకు, అయిదేండ్ల ఒప్పందం.
అది తీరినాక ఎడ్లబండి వెనక నడిచి నడిచి
అక్కడికి చేరినాడంట.
"వజ్రాల ఊరోడు వజ్రాల ఊరికే పోయినాడు,
నొసట రాసిందేమో గాజు" అనేది జేజి.

అక్కడ వానకు ఎదురుచూసేది లేదు.
గుట్టను గుంత చేసినారు.
రాయి కొనేదీ దొరలే, అమ్మేదీ దొరలే.
మనోడు ముట్టుకుంటే జైలు, తవ్వేటోడు దాచుకుంటే జైలు.
అందుకే ఆయన అమ్మింది
కొవ్వొత్తులు, ఉప్పు, పొగాకు, దుప్పట్లు,
ఊళ్లో ఆడవాళ్లకు పంపుకునే గాజుపూసలు.

మొదట్లో పేర్లు లేవు చిట్టాలో.
ఎడమచెవి తెగినాయన, కొవ్వొత్తులు ఆరు, బాకీ.
దగ్గేవాడు, దుప్పటి ఒకటి, బాకీ.
నవ్వేవాడు. నవ్వేవాని అన్న.
ముప్పయ్యో పుట దాటినాక
నవ్వేవాడు మోలేఫి అయినాడు,
వాళ్లన్న తెబోహో అయినాడు.
మోలేఫి చెల్లెలికి ఎర్రపూసలు రెండు పేటలు,
మణికట్టు సన్నమంట, అని పక్కన రాసుకున్నాడు.

ఇక్కడికి ఆయన నాకు నచ్చినాడు.
పుట తిప్పకుండా ఉండాల్సింది.

పేట కొన్నది మూడు పెన్నీలు. అమ్మింది సిల్లింగు.
ఎర్రసిరాతో: మోలేఫి, గుంతలో మట్టి విరిగి పడి పోయినాడు.
కొట్టేస్తాడనుకున్నా.
పక్కనే అదే చేతిరాత, ఒక్క వంకర లేదు:
బాకీ అన్న మీదికి.

నేను గ్రామీణ బ్యాంకులో అప్పులు రాసేదాన్ని.
చనిపోయిన రైతు పేరు కింద హామీదారు పేరు
నేనూ ఇట్లే గుండ్రంగా రాస్తాను.
పుస్తకం మూసినా. కాసేపటికి మళ్లీ తెరిచినా.

చివరి పుటలు.
లైసెన్సు ఇయ్యలేదు.
మళ్లీ పోతి. లైసెన్సు ఇయ్యలేదు.
సామానంతా పక్క అంగడి దొరకు, సగం ధర.
వసూలు కాని బాకీలు నూట పన్నెండు.
వాటి కింద గీత గీసినాడు,
మొత్తం వెయ్యలేదు.

ఆయన వజ్రం దాచి తెచ్చినాడని
మా ఇంట్లో రెండు తరాలు గోడలు గీకినారు.
గూట్లో దొరికిందొకటి చిన్నాయన గుత్తికి తీసుకపోతే
సేటు తుండుగుడ్డ పరచనే లేదంట, వేళ్లు పట్టనే లేదంట.
"దారం బొక్క ఉండాది సూడప్పా" అన్నాడంట.
నీలం పూస. అదీ గాజే.

పొద్దుగూకినాక వాకిట్లో ఒకామె.
తాడిపత్రి పక్క నుంచి వచ్చి మూడు దినాలైందంట.
కొంగున కట్టిన రాయి తీసి
"సూడక్కా, ఇదేమన్నా అయితాదా?"
నాకేం తెలుసు. మా ఇంటికి తెలిసింది గాజొక్కటే.
రాయి చూసే నెపంతో ఆమె చేయి పట్టుకున్నా.
బురద, రెండు మట్టిగాజులు, సన్నటి మణికట్టు.
నా బొటనవేలు దానంతటదే
ఎముకను వెతుక్కుంది.